నలభై ఏడో కాయ

రాజేంద్రనగర్‌లో మే నెల.
రెండు తలుపుల గ్రీన్‌హౌస్.
మొదటిది మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు.
ఆ మధ్య ఇరుకులో చెప్పులు విడిచి, తెల్లకోటు తొడుక్కొని
ఒక్క నిమిషం ఎవరమూ కాకుండా నిలబడతాం.

లోపల తడి ప్యాడ్ల మీంచి గాలి,
హిమాయత్‌సాగర్ ఎండినప్పటి బురద వాసన.
కుండీల్లో టమాటాలు,
అల్లనేరేడు రంగులో.
కోస్తే లోపలా అదే రంగు.
చాకు మీద, గ్లవుజు మీద, నా నోట్‌బుక్కు అంచు మీద.

అంజిలమ్మ మొదటిసారి చూసి
"గిదేంది, దెబ్బ తాకి కమిలినట్టున్నది" అంది.
కమలడం కాదు అన్నాను.
చలికాలం నర్సరీల్లో పెడతారు చూడు,
బుగ్గలు నొక్కితే నోరు తెరిచే పువ్వు,
దాని దగ్గర్నుంచి రెండు జన్యువులు తెచ్చాం.
ఈ రంగు చేసుకోవడం టమాటాకీ తెలుసు,
నారుగా ఉన్నప్పుడు కాడ ఊదాగా ఉండదూ?
కాయకొచ్చేసరికి మరిచిపోతుంది.
గుర్తు చేశామంతే.

ఆమె నమ్మినట్టే తలూపి
"మరి పుల్లగుంటదా?" అంది.

మూడేళ్లు.
ఈ రంగు వెలుగులో ఏ ముక్కని మింగుతుందో తెలుసు.
గ్రాముకెంతో, దశాంశం తర్వాత రెండంకెల దాకా తెలుసు.
గాజుగొట్టంలో ప్రాణవాయువు పెట్టే తుప్పుని
ఎన్ని నిమిషాలు ఆపుతుందో తెలుసు.
పుల్లగుంటదో లేదో తెలీదు.

తినకూడదు.
బయటికి పోకూడదు, గింజ కూడా,
గోటి సందులో ఇరుక్కున్న గింజ కూడా.
కోసిన ప్రతి కాయా లెక్క. లెక్కయిన ప్రతి కాయా
ఆటోక్లేవులో ఉడికి, గోతిలో కాలి,
రిజిస్టర్లో ఒక సంతకమవుతుంది.
మూత తీసినప్పుడు వచ్చేది మాత్రం
చారు వాసనే.
ఉప్పు లేని, పోపు లేని,
ఎవరింటిదీ కాని చారు.

ఆ నెల బుద్వేల్ సంతలో టమాటా కిలో తొంభై.
అంజిలమ్మ చింతపండుతో సరిపెడుతోంది.
ఆమె చేతులతోనే పదకొండు కిలోలు గోతిలో పోయించాను.
ఆమెకి షుగరు. కుడికంట్లో పొర.
మా పేపర్లో మొదటి వాక్యం:
ఈ వర్ణకం కంటికి, నెత్తురుకి మేలు చేయవచ్చు.
ఆ "వచ్చు" దగ్గర సువర్చలా మేడం పెన్సిలు
చాలాసేపు ఆగింది.

శుక్రవారం కోతకి నలభై ఏడు.
గోతి దగ్గర నలభై ఆరు.
మళ్లీ లెక్కపెట్టాం. బకెట్టు బోర్లించాం.
ఖలీల్ భాయ్ మోరీ లోపలి దాకా టార్చి వేశాడు.
ఫోన్లో మేడం గొంతు తగ్గించి,
పక్షా, ఎలుకా, మనిషా?
వల రెండు పొరలు. పక్షి కాదు.

అంజిలమ్మ అడక్కముందే నాలుక చాపింది,
నేరేడుపళ్లు దొంగిలించిన పిల్లలు
పంతులు ముందు చాపినట్టు.
ఆకువక్క ఎరుపు.
దాని కింద ఏ రంగున్నా కనబడదు.
నేనూ ఎక్కువసేపు చూడలేదు.

సోమవారం కుళాయి దగ్గర చేతులు కడుగుతూ,
నావైపు తిరక్కుండా,
"పులుపు తక్కువనే బిడ్డా. ఆఖర్ల జర వగరు.
ఉప్పద్దుకుంటే మంచిగుంటది."

నీళ్లు పోతూనే ఉన్నాయి. నేనే కట్టేశాను.

రిజిస్టర్ తెరిచాను.
నష్టానికి కారణం అన్న గడిలో
ఎలుక అని రాసి, తారీకు వేసి, సంతకం పెట్టాను.
తర్వాత నా నోట్‌బుక్కు వెనక అట్ట లోపల,
ఊదా మరకల పక్కన,
పెన్సిలుతో చిన్నగా:

పులుపు తక్కువ.
వగరు.
ఉప్పు.